వాండా గింజలు: ఫంగస్‌తో ఒక వరస, ఫంగస్ లేకుండా ఒక వరస

మొక్క వాండా టెస్సలేటా. మన మామిడి కొమ్మల మీద కనిపించే ఆర్కిడ్ ఇదే. చెట్టు మీద మొలిచిన ప్రతిదాన్నీ బదనిక అనేయడం అలవాటు కాబట్టి దీన్నీ బదనిక అనే అంటారు. కానీ అసలు బదనిక కొమ్మలోకి వేరు దించి రసం లాగుతుంది. వాండా బెరడును పట్టుకుని వేలాడుతుంది, అంతే. శాస్త్రంలో దీనికి పేరు పడిందీ తెలుగు తీరం నుంచే. సామర్లకోటలో ఏళ్ళ తరబడి మొక్కలు సేకరించిన రాక్స్‌బర్గ్ 1795లో దీన్ని ఎపిడెండ్రం టెస్సలేటం అని వర్ణించాడు.

ఆర్కిడ్ గింజ అంటే ధూళి. లోపల వంద కణాల దరిదాపులో ఒక పిండం, చుట్టూ వలలాంటి పలచటి తొడుగు. కందిగింజలోలా పప్పు ఉండదు. పిండంలో నూనె బొట్లు, కాస్త ప్రోటీన్ ఉంటాయి గానీ వాటిని చక్కెరగా మార్చుకుని సొంతంగా మొలకెత్తే శక్తి దానికి లేదు. అడవిలో ఆ చక్కెర ఫంగస్ తెచ్చిస్తుంది. ఈ సంగతి 1899లో ఫ్రాన్స్‌లో నోయెల్ బెర్నార్డ్ కనిపెట్టాడు. 1922లో అమెరికాలో లూయిస్ నడ్సన్ ఫంగస్ జోలికి పోకుండా చక్కెర కలిపిన అగార్ (జెల్లీలా గడ్డకట్టే పదార్థం) మీదే గింజలు మొలిపించాడు. ఈ ప్రాజెక్టులో ఒకే కాయ గింజను రెండు దారుల్లోనూ పెట్టి, ఎక్కడ ఏది చెడుతుందో చూస్తున్నాం.

కాయ, గింజ

టూత్‌పిక్ కొనతో పువ్వు మధ్యలోని టోపీ లేపితే పసుపుపచ్చ పుప్పొడి ముద్దలు జిగురుతో సహా కొనకు అంటుకుని వస్తాయి. వాటిని ఇంకో మొక్క పువ్వులో, ముక్కు కింద ఉండే జిగురు గుంటలో నొక్కాం. పరాగం పడితే పువ్వు త్వరగా వాడి, వెనక కాడ లావెక్కడం మొదలవుతుంది. మొక్కకు ఒక్క కాయే ఉంచాం. కాయ పక్వానికి నెలలు పడుతుంది. గీతల దగ్గర పసుపు తిరగడం మొదలవగానే పలచటి గుడ్డ చుట్టి కట్టేయాలి. ఒక్కరోజు ఆలస్యమైతే కాయ పగిలి గింజ గాలికి పోతుంది.

పచ్చికాయ వాడితే పని తేలిక. కాయను సబ్బునీళ్ళతో రుద్ది కడిగి, 70 శాతం ఆల్కహాల్‌లో ముంచి మంటలో మూడుసార్లు చూపించి, కోసి గింజ గీరి వేయొచ్చు. లోపల గింజ ఎలాగూ శుభ్రంగానే ఉంటుంది, బ్లీచ్ అక్కర్లేదు. అయినా ఈ పోలికకు పచ్చికాయ వద్దనుకున్నాం. ఒక వరసకు పచ్చి గింజ, ఇంకో వరసకు ఎండు గింజ వాడితే తేడా ఫంగస్ వల్ల వచ్చిందో గింజ వయసు వల్ల వచ్చిందో చెప్పలేం. అన్ని వరసలకూ ఒకే పండుకాయ గింజ వాడాం.

గింజను వారం రోజులు సిలికా జెల్ మీద ఆరబెట్టి, లెన్స్ పేపరు మీద దులిపి పీచు వేరుచేసి, గాజు సీసాలో 4 డిగ్రీల దగ్గర ఫ్రిజ్‌లో పెట్టాం. తేమతో ఫ్రిజ్‌లో పెట్టిన గింజ చచ్చిపోతుంది. ఆరబెట్టే పని తొందరపడి ముగించకూడదు.

వేసేముందు ప్రాణం ఉందో లేదో చూడటానికి టెట్రజోలియం పరీక్ష. 10 శాతం చక్కెర నీళ్ళలో 24 గంటలు నానబెట్టి, కడిగి, 1 శాతం టెట్రజోలియం ద్రావణంలో (పీహెచ్ 7) 30 డిగ్రీల దగ్గర చీకట్లో ఇంకో 24 గంటలు ఉంచాం. బతికున్న పిండం ఎర్రబడుతుంది, చచ్చింది తెల్లగానే ఉంటుంది. వెలుతురు తగిలితే ద్రావణమే గులాబీ రంగుకు తిరిగి లెక్క తప్పుతుంది, అందుకే ఫాయిల్ చుట్టాలి. ముందుగా నానబెట్టకపోతే తొడుగు రంగును లోపలికి పోనివ్వదు. బంగారంలాంటి గింజను చచ్చిందనుకుని పారేసే ప్రమాదం అక్కడే ఉంది.

వేర్ల నుంచి ఫంగస్ తీయడం

అన్నిటికంటే ఓపిక కావలసిన పని ఇదే. గాలిలో వేలాడే వేర్లలో ఫంగస్ దాదాపు ఉండదు. బెరడుకు అంటుకుని పాకిన వేరే కావాలి, అందులోనూ బెరడును తాకే వైపే. తడి పేపరులో చుట్టి తెచ్చిన వేరును అదేరోజు వాడాం. కుళాయి కింద మెత్తటి బ్రష్షుతో కడిగి, ఆల్కహాల్ 5 పాళ్ళు, బ్లీచ్ 5 పాళ్ళు, నీళ్ళు 90 పాళ్ళు కలిపిన దాంట్లో ఒక నిమిషం ముంచి, స్టెరైల్ (క్రిములు లేని) నీళ్ళతో మూడుసార్లు కడిగాం.

తర్వాత లామినార్ ఫ్లో (వడకట్టిన గాలి వీచే బల్ల) కింద, పైనున్న తెల్లటి స్పాంజి పొరను స్కాల్పెల్‌తో గీరేసి, లోపలి భాగాన్ని పలచగా అడ్డంగా కోయాలి. స్టెరైల్ నీటి బొట్టులో ఆ ముక్కను సూదులతో చిదిపితే, సూక్ష్మదర్శిని కింద దారపు ఉండల్లాంటి ఫంగస్ పోగుల చుట్టలు కనిపిస్తాయి. వీటిని పెలటాన్లు అంటారు. ఒక్కొక్క చుట్టనూ సన్న పిపెట్‌తో లాగి, నాలుగైదు నీటి బొట్లలోంచి దాటించి కడిగి, అగార్ మీద వేశాం. అగార్‌లో బ్యాక్టీరియాను ఆపడానికి స్ట్రెప్టోమైసిన్ లీటరుకు 100 మి.గ్రా. దాన్ని ఆటోక్లేవ్ చేయకూడదు (అంటే ఒత్తిడి ఆవిరితో క్రిములు చంపకూడదు), వేడికి చెడిపోతుంది. ఫిల్టర్ చేసి, అగార్ 50 డిగ్రీలకు చల్లారాక కలపాలి. చెంప మీద సీసా పెడితే ఓర్చుకోగలిగేంత వేడి అన్నమాట.

చుట్టను కడగకుండా వేరు ముక్కనే నేరుగా అగార్ మీద పెడితే వచ్చేది ఎక్కువగా వేరేదే: ఫ్యుజేరియం, ట్రైకోడెర్మా, జైలేరియా. ఒక్కరోజులో ప్లేటు నిండితే సంతోషించకండి, అనుమానించండి. కావలసినవి రెండు మూడు రోజుల్లో మెల్లగా పోగులు చాపుతాయి. పోగు కొనను మాత్రమే కోసి కొత్త ప్లేటుకు మార్చాం.

మూడు కల్చర్లు నిలిచాయి. వ1 మీగడ రంగు, మెల్లగా పెరుగుతుంది. వ2 లేత గోధుమ రంగు, చురుకు. వ3 వారానికి ఊదా రంగు తిరిగి, కొడవలి ఆకారపు బీజాలు చూపించింది, అంటే ఫ్యుజేరియం. పారేశాం. వ1, వ2 రెండింటిలోనూ పోగు ఇంచుమించు లంబకోణంలో చీలుతోంది, చీలిక మొదట్లో నొక్కినట్టు సన్నబడి, కాస్త దూరంలో అడ్డగోడ ఉంది. రైజోక్టోనియా జాతి లక్షణమిది. వీటిలో ఆర్కిడ్లతో జత కట్టే రెండు రకాలు ట్యులాస్నెల్లా, సెరటోబాసిడియం. వ1 ట్యులాస్నెల్లా వైపు, వ2 సెరటోబాసిడియం వైపు అని రూపాన్ని బట్టి అనుకుంటున్నాం. డీఎన్‌ఏ పరీక్షకు పంపేవారు ఒకటి గుర్తుంచుకోవాలి: ట్యులాస్నెల్లాకు మామూలు ఐటీఎస్ ప్రైమర్లు (ఫంగస్‌ను గుర్తించే డీఎన్‌ఏ భాగాన్ని పట్టే చిన్న ముక్కలు) చాలాసార్లు పట్టవు. దానికోసమే చేసిన ప్రైమరు అడగండి, లేకపోతే "ఏమీ రాలేదు" అన్న జవాబు వస్తుంది.

రైజోక్టోనియా అనగానే వరి రైతుకు పాముపొడ తెగులు గుర్తొస్తుంది. సరిగ్గానే గుర్తొస్తుంది, ఆ తెగులు చేసే రైజోక్టోనియా సొలాని వీటికి దగ్గరి చుట్టమే. దాని కణంలో కేంద్రకాలు చాలా ఉంటాయి, మనకు కావలసినవాటిలో సాధారణంగా రెండేసి. కేంద్రకాలకు రంగు వేసి లెక్కపెట్టకుండా ఏ రైజోక్టోనియానూ మొక్కలున్న చోటికి తీసుకెళ్ళొద్దు. పనైపోయిన ప్లేట్లు ఆటోక్లేవ్ చేశాకే చెత్తలోకి.

మీడియాలు

ఫంగస్ లేని వరసకు నడ్సన్ సి అనే పోషక మిశ్రమం. లీటరుకు కాల్షియం నైట్రేట్ 1 గ్రా., అమ్మోనియం సల్ఫేట్ 500 మి.గ్రా., పొటాషియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ 250, మెగ్నీషియం సల్ఫేట్ 250, ఫెర్రస్ సల్ఫేట్ 25, మాంగనీస్ సల్ఫేట్ 7.5 మి.గ్రా., చక్కెర 20 గ్రా., అగార్ 8 గ్రా. పీహెచ్ 5.3. కాల్షియం స్టాకును వేరే సీసాలో ఉంచాలి. గాఢ ద్రావణాలుగా ఫాస్ఫేట్‌తోనో సల్ఫేట్‌తోనో కలిస్తే తెల్లగా విరిగి అడుగున చేరుతుంది. ఇనుము ఊరికే వేస్తే ఆటోక్లేవ్‌లో అవక్షేపం అయిపోతుంది కాబట్టి ఇనుమును కరిగి ఉండేలా పట్టి ఉంచే ఇ.డి.టి.ఎ.తో కలిపి వేశాం. పీహెచ్ 5 కంటే దిగితే అగార్ సరిగా గడ్డకట్టదు. జారే అగార్ మీద గింజలన్నీ ఒక మూలకు చేరి, తర్వాత లెక్కపెట్టడం నరకం.

ఫంగస్ వరసకు ఓట్ అగార్. మిక్సీలో మెత్తగా పొడి చేసిన ఓట్లు, అగార్ 8 గ్రా., పీహెచ్ 5.7. చక్కెర లేదు, లవణాలు లేవు. ఓట్లు రెండు మోతాదుల్లో పెట్టాం: లీటరుకు 2.5 గ్రా., 5 గ్రా. ఆటోక్లేవ్ నుంచి తీశాక పొడి అడుగున దిగుతుంది, పోసేటప్పుడు సీసా తిప్పుతూ ఉండాలి. లేకపోతే మొదటి ప్లేటు నీళ్ళ చారు, చివరి ప్లేటు జావ.

అన్నీ 121 డిగ్రీలు, 15 పౌండ్ల ఒత్తిడి, 20 నిమిషాలు. ప్రెషర్ కుక్కరుతో చేసేవారు విజిల్ మొదలయ్యాక మంట తగ్గించి 25 నిమిషాలు లెక్కపెట్టుకోవచ్చు, ఒక్కో సీసాలో 200 మి.లీ. మించకుండా.

వరసలు ఇవి. క: నడ్సన్, ఫంగస్ లేదు. చ: ఓట్లు, ఫంగస్ ఉంది (వ1తో విడిగా, వ2తో విడిగా, రెండు మోతాదుల్లోనూ). ట: ఓట్లు, ఫంగస్ లేదు. త: నడ్సన్, ఫంగస్ ఉంది. ట లేకుండా ఈ పోలికకు విలువ లేదు. ఓట్లలోని చక్కెరే గింజను మొలిపిస్తోందా అన్న ప్రశ్నకు జవాబు ఆ ప్లేట్లోనే ఉంటుంది. ఒక్కో రకానికి పది ప్లేట్లు.

గింజ వేసిన రోజు

గింజ నీటిలో మునగదు, పైన పొడిలా తేలుతుంది. సిరంజిలో వేసి, 1 శాతం సోడియం హైపోక్లోరైట్ (బ్లీచ్), లీటరుకు రెండు చుక్కల ట్వీన్ 20 (గింజ తడిసేలా చేసే సబ్బులాంటిది) లాగి, 5 నిమిషాలు ఊపాం. సూది మొదట్లో నైలాన్ వలముక్క ఉంటే ద్రావణం పోతుంది, గింజ నిలుస్తుంది. స్టెరైల్ నీటితో మూడు కడుగులు. 4 శాతం బాటిల్‌లో ఒక వంతుకు మూడు వంతుల నీళ్ళు పోస్తే 1 శాతం వస్తుంది, అయితే ఆ బాటిల్ కొత్తదై ఉండాలి. మూత తీసి నెలలైన బ్లీచ్‌లో క్లోరిన్ మిగలదు. ఎక్కువసేపు ఉంచితే మొదట గోధుమరంగు తొడుగు తెల్లబడుతుంది, ఆ తర్వాత పిండమే పాడవుతుంది. తొడుగు రంగు తగ్గడం మొదలవగానే ఆపాలి.

చ, ట, త ప్లేట్లలో 1 సెం.మీ. వెడల్పు, 4 సెం.మీ. పొడవు స్టెరైల్ ఫిల్టర్ పేపరు పట్టీ పరిచి, దాని మీద గింజ. క లోనూ పట్టీ పెట్టాం, పోలిక పాడవకుండా. స్టెరైల్ నీళ్ళలో గింజ కలిపి ఒక బొట్టులో ఎన్ని వస్తున్నాయో సూక్ష్మదర్శిని కింద లెక్కపెట్టి, పట్టీకి వంద దరిదాపు వచ్చేలా నీళ్ళు పలచన చేశాం. పట్టీ మధ్యలో 5 మి.మీ. ఫంగస్ ముక్క. పారాఫిల్మ్ చుట్టి 25 డిగ్రీల గదిలో. సగం ప్లేట్లు ఫాయిల్‌లో చీకటిలో, సగం 16 గంటల వెలుతురులో.

5వ రోజు

రెండు క ప్లేట్లలో గింజ చుట్టూ పాలలాంటి మసక. బ్యాక్టీరియా, చాలావరకు బాసిల్లస్ రకమై ఉండాలి. ఆల్కహాల్‌కు దాని బీజాలు చావవు, అందుకే ఫోర్సెప్స్‌ను ఆల్కహాల్‌లో ముంచి తీస్తే చాలదు, ఎర్రగా కాల్చాలి. ఒక ట ప్లేటులో పచ్చ బూజు అంచునుంచి మొదలైంది. బూజు అంచున మొదలైతే మూత తెరిచినప్పుడు గాలిలోంచి వచ్చినట్టు, గింజ దగ్గరే మొదలైతే బ్లీచ్ సరిపోనట్టు. బూజు ప్లేట్లను మూత తెరవకుండానే ఆటోక్లేవ్‌కు పంపాం.

12వ రోజు

త వరస పోయింది. వ2 నడ్సన్ మీద దూదిలా పెరిగి పట్టీ మొత్తం కప్పేసింది, కింద గింజలు గోధుమరంగు తిరిగి మెత్తబడ్డాయి. వ1 కాస్త మెల్లగా అదే పని చేస్తోంది. ఇది అనుకున్నదే. 20 గ్రాముల చక్కెర, లవణ నత్రజని సిద్ధంగా ఉంటే ఫంగస్‌కు గింజతో బేరం అవసరం లేదు, గింజనే తినేస్తుంది. ఓట్లలో పిండి, పీచు మెల్లగా కరుగుతాయి కాబట్టి ఫంగస్ అదుపులో ఉంటుంది. "రెండూ కలిపితే రెట్టింపు లాభం" అని చక్కెర మీడియంలో ఫంగస్ వేసేవారు ఏటా కనిపిస్తారు.

ఓట్లలోనూ అదే పాఠం చిన్నగా కనిపిస్తోంది. 5 గ్రాముల ప్లేట్లలో వ2 మందంగా అల్లుకుంది. 2.5 గ్రాముల ప్లేట్లలో సాలెగూడులా పలచగా ఉంది.

4వ వారం

లెక్కకు వాడుతున్న దశలు: 0 మార్పు లేదు, 1 పిండం ఉబ్బింది, 2 తొడుగు పగిలింది (మొలకెత్తినట్టు ఇక్కడినుంచే లెక్క), 3 కొనలో మొగ్గ బిందువు, 4 మొదటి ఆకు, 5 వేరు. పిండమే లేకుండా ఖాళీగా ఉన్న గింజలను లెక్కలోంచి తీసేయాలి, లేకపోతే శాతం అన్యాయంగా తగ్గుతుంది.

వ2, 2.5 గ్రా. ఓట్లు, వెలుతురు ప్లేట్లు అందరికంటే ముందున్నాయి. 2, 3 దశలు. ప్రోటోకార్మ్‌లు (ఆకూ వేరూ రాకముందు పిండం ఎదిగే చిన్న ఉండలు) లేతాకుపచ్చ, అడుగున సన్నటి రోమాలు. వ1 ప్లేట్లలో 1, 2 దశలే. ట ప్లేట్లలో గింజ ఉబ్బి అక్కడే ఆగిపోయింది. నీళ్ళు తాగడం వేరు, ఎదగడం వేరు. క ప్లేట్లు నెమ్మది, కానీ పట్టీ మొత్తం ఒకేలా ఉంది. ఈ సమానత్వమే నడ్సన్ దారికున్న బలం. ఫంగస్ ప్లేట్లలో ముక్క దగ్గరివి ముందు, అంచువి వెనక.

పచ్చగా ఉన్నంతమాత్రాన ఫంగస్ పనిచేసిందని రాయకూడదు. ఒక ప్రోటోకార్మ్‌ను 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్‌లో వేడి చేసి తేటపరిచి, ట్రైపాన్ బ్లూ రంగు వేసి, నలిపి చూశాం. అడుగు వైపు కణాల్లో నీలి చుట్టలు స్పష్టంగా ఉన్నాయి, కొన్ని అరిగిపోయి ముద్దలయ్యాయి. కొన వైపు, మొగ్గ వచ్చే చోట ఒక్క పోగూ లేదు. ఆరోగ్యమైన జత ఇలాగే ఉంటుంది. మొగ్గ దగ్గర కూడా పోగులు కనిపిస్తే ఆ ప్లేటు ఇక పారేయడానికే.

8వ వారం

5 గ్రాముల ఓట్ల ప్లేట్లలో సగానికి పైగా ప్రోటోకార్మ్‌లు నల్లబడ్డాయి, వాటి మీద ఫంగస్ పోగులు. ఒకే ఫంగస్, ఒకే గింజ. తేడా రెండున్నర గ్రాముల ఓట్లు మాత్రమే. ఏ ఫంగస్ మంచిదని అడిగేముందు ఎంత తిండి పెట్టారని అడగాలి.

క ప్లేట్లు అందుకున్నాయి, 3, 4 దశలు. కొన్నిటి చుట్టూ మీడియం గోధుమరంగు తిరుగుతోంది. కణజాలం వదిలే ఫీనాలిక్ పదార్థాలు అవి. కదపకపోతే మొలకకే ఎదురుతిరుగుతాయి.

11వ వారం, మార్పిడి

క వరస మొలకలను కొత్త సీసాలకు మార్చాం: సగం బలం నడ్సన్, చక్కెర 15 గ్రా., అరటిపండు గుజ్జు లీటరుకు 50 గ్రా., యాక్టివేటెడ్ చార్‌కోల్ 1 గ్రా. గుజ్జు పీహెచ్‌ను కదుపుతుంది కాబట్టి గుజ్జు వేశాకే పీహెచ్ సరిచేయాలి, బొగ్గు చివర్న. బొగ్గు ఫీనాలిక్‌లతోపాటు హార్మోన్లనూ పీల్చేస్తుంది. హార్మోను వేసి పైన బొగ్గు వేయడం డబ్బు దండగ. సీసాకు 20, 25 మొలకలు. మరీ తక్కువ వేస్తే పెరగవెందుకో గానీ, గుంపుగా ఉంటేనే బాగుంటాయి.

చ వరసను అదే 2.5 గ్రా. ఓట్లకే, కొత్త ప్లేట్లకు మార్చాం. పట్టీ ముక్కతో సహా మారుస్తే ఫంగస్ తోడుగా వస్తుంది. మూల కల్చర్లను కూడా ఇదే సమయంలో చూసుకోవాలి. మళ్ళీమళ్ళీ సబ్‌కల్చర్ చేసిన (కొత్త ప్లేటుకు మార్చిన) ఫంగస్ మొలిపించే గుణం కోల్పోతుంది. అందుకే మొదటి తరం స్లాంట్లు (వాలు అగార్ గొట్టాలు) ఒక జత ఫ్రిజ్‌లో, ఒక జత గది వేడిలో దాచాం.

సీసా బయటికి (ప్రణాళిక)

రెండు మూడు ఆకులు, 2 సెం.మీ. వేరు వచ్చాక బయటికి. దానికి జూన్, జూలై మంచిది, గాలిలో తేమ ఉంటుంది. ఏప్రిల్‌లో తీస్తే మన ఎండకు ఎంత షేడ్ నెట్ వేసినా నిలవవు. వేళ్ళకున్న అగార్ గోరువెచ్చటి నీళ్ళలో పూర్తిగా కడగాలి, దాంట్లోని చక్కెరకే కుళ్ళు పడుతుంది. బొగ్గు ముక్కలు, చిన్న ఇటుక ముక్కలు, కొబ్బరి డొక్క ముక్కలు కలిపిన కుండీ.

క వరస మొలకలకు కార్బెండజిం (ఫంగస్‌ను చంపే మందు) 0.1 శాతంలో ముంచడం మామూలే. చ వరసకు అది వేయకూడదు. వరిలో రైజోక్టోనియా మీద వాడే మందుల్లో అదీ ఒకటి, ఇక్కడ మన ఫంగస్‌నే దెబ్బతీస్తుంది. రెండు వరసల ట్రేలకు వేర్వేరు రంగు లేబుళ్ళు, వేర్వేరు స్ప్రేయర్లు సిద్ధం చేశాం.

మిగిలిన పనులు: వ1ను ఓట్లు 4 గ్రాములతో ఇంకోసారి. వ2కు కేంద్రకాల లెక్క, అది తేలేదాకా చ ట్రేలు షేడ్ హౌస్‌కు వెళ్ళవు. చీకటి ప్లేట్ల ఫాయిల్ తీసి లెక్కపెట్టడం.